మెల్లగా బాబాయిలో నాకు కనబడ్డ తోటమాలి

మా నీళ్ల ప్లాంటులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. మెట్లు గబగబా దిగేవాణ్ని చూస్తే "మెల్లగా" అనేవాడు. తలుపు దభీమని వేసేవాణ్ని చూసినా "మెల్లగా" అనేవాడు. వేడి టీ ఊదుకోకుండా నోట్లో పోసుకునేవాణ్ని కూడా వదిలేవాడు కాదు. అంటూ అంటూ ఆ మాటే ఆయనకు అతుక్కుపోయింది. వయసులో పెద్దాయన కాబట్టి వెనకాల "బాబాయి" చేర్చాం.

ఆయన పని క్లోరిన్ గదిలో. ఇళ్లకు పోయే నీళ్లను శుద్ధి చేయడానికి కలిపే ఆ గ్యాసు, మనిషి పడుకున్నంత పొడవుండే ఇనుప సిలిండర్లలో వస్తుంది. ఒకటి ఖాళీ కాగానే గొట్టం విప్పి నిండుదానికి బిగించాలి. రెండు ఇనుములు కలిసే చోట చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దదైన సీసపు వాషరు పెడతారు. బిగించేకొద్దీ సీసం నలిగి సందులన్నీ మూసుకుంటాయి. ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వాడకూడదు. ఈ పనిని రెండో ఆపరేటరు పావుగంటలో ముగించి ఈల వేసుకుంటూ బయటికొచ్చేవాడు, అందుకే అతన్ని బుల్లెట్టు అనేవాళ్లం. బాబాయికి ముప్పావుగంట పట్టేది. అదీ తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కడే.

నేను అక్కడ ల్యాబు అసిస్టెంటుని. గంటకోసారి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి పుస్తకంలో రాయడం నా పని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కళ్లు చురుకు, నోరు అంతకన్నా చురుకు. "నోరా, వీపుకు తేకే" అని మా అమ్మ రోజుకోసారైనా అనేది.

ఆ ఏడాది ఒక వారపత్రికలో సీరియల్ నవల వచ్చేది. పెద్ద బంగళా, అందులో ఒక కుటుంబం, వాళ్లకో తోటమాలి. ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మంచం పడుతుంటారు. తోటమాలి నడిస్తే చప్పుడు కాదు. గొంతు పెంచడు. నలుగురితో కలిసి తినడు. జేబులో గుడ్డ చుట్టిన చిన్న సీసా పెట్టుకు తిరుగుతాడు. ఏదైనా కీడు జరగబోయే ముందు ఇంట్లోంచి ఓ చిన్న వస్తువు మాయమై అతని జేబులో చేరుతుంది. ఇతనే దోషి అని రచయిత ఇంకా చెప్పలేదు. కానీ అతను గుమ్మంలోకి వచ్చాడంటే చాలు, నాకు ఒళ్లు జలదరించేది.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆ సీరియల్‌ని పైకి చదవడం నా వంతు. వినేది పంపుల గది చూసుకునే ఆవిడ, మా పంపక్క. రెండు మోటార్ల హోరులో బతికిన మనిషి, గుసగుస చెప్పినా గేటు దాకా వినబడేది.

"ఈ తోటమాలిని నేనెక్కడో చూశానే!" అందోరోజు ముద్ద నోటి దగ్గరే ఆపి.

"ఎక్కడో ఏంటక్కా, రోజూ చూస్తున్నాం. అదిగో," అని క్లోరిన్ గది వైపు చూపించాను.

పంపక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ క్షణానికి అది నాకూ నవ్వులాటే.

కానీ ఆ తర్వాత నుంచి ఆయన కనబడితే నవ్వు రాకపోగా, పోలికలు వెతకడం మొదలుపెట్టాను. ఆయన రబ్బరు బూట్లు నిజంగానే చప్పుడు చేయవు. కారియర్ తీసుకుని ఎవరితో కూర్చోకుండా గోడ వెనక్కి వెళ్లి తింటాడు. చొక్కా జేబు ఎప్పుడూ ఎత్తుగా ఉంటుంది. ఒకసారి ఆయన వంగినప్పుడు జేబులోంచి గుడ్డ చుట్టిన సీసా మూత బయటికొచ్చింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. దానికి రోజూ అన్నం పెట్టి పెంచింది నేనే.

ఒక సాయంత్రం ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతున్నాను. వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగితే, గుమ్మంలో బాబాయి.

"ఈ వారం ఆ తోటమాలి ఏం చేశాడమ్మా?" అన్నాడు.

గొట్టం చేతిలోంచి జారి తొట్లో పగిలింది.

"మెల్లగా," అని ఆయనే ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి వెళ్లాడు. నా ప్రశ్నల్లా, ఈయనకెలా తెలుసు? ఎక్కణ్నుంచి వింటున్నాడు? అని. గోడకి అవతల కూర్చుని తినే మనిషికి, పంపక్కకి వినబడేలా నేను అరిచి చదివేది వినబడదా? ఆ మాత్రం ఆలోచన నాకు రాలేదు.

మరో వారానికి నేను చూడాల్సింది చూశాను. క్లోరిన్ గది పక్క కిటికీలోంచి ఆయన వాషర్ల డబ్బా తెరవడం కనబడింది. అటూ ఇటూ చూసి, గుప్పెడు వాషర్లు తీసి ప్యాంటు జేబులో వేసుకుని, డబ్బా మూసేశాడు. అంతే. అంతకన్నా ఏమీ చూడలేదు. కానీ సూపరింటెండెంటు గదిలోకి వెళ్లేసరికి ఆ గోరంత కొండంతయింది.

"వాషర్లు దొంగిలిస్తున్నాడు సార్. రోజూ. జేబులో ఏదో సీసా కూడా ఉంది. ఏదో చేయబోతున్నాడని నా అనుమానం."

"చేయబోతున్నాడు" అన్న మాట నాది కాదు. ముందు వారం సీరియల్‌లో బంగళా కోడలు అన్న మాట.

సూపరింటెండెంటు గారు కాగితాలు తప్ప మనుషులు అలవాటు లేని మనిషి. "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. రాసివ్వు," అన్నారు. రాసిచ్చాను. బాబాయిని పిలిపించారు. నన్ను వెళ్లమనలేదు, నేనూ కదల్లేదు.

"జేబులో ఏమున్నాయి?"

బాబాయి బల్లమీద పెట్టాడు. ఎనిమిది వాషర్లు, గుడ్డ చుట్టిన సీసా.

"ఇవెందుకు తీశావు?"

"పాతవి సార్. పారేద్దామని."

"పారెయ్యమని ఎవరు చెప్పారు? కొత్తవి వచ్చేదాకా పాతవే వాడమని స్టోరు వాళ్ల ఆర్డరుంది, తెలీదా?"

"తెలుసు సార్."

"తెలిసీ తీశావంటే ఏమనుకోవాలి?"

బాబాయి నేల చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపముంటే నాకు నయంగా ఉండేది. విచారణ అయ్యేదాకా గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాయమన్నారు. ఆయన సరేనని తలూపి, సీసా మాత్రం అడిగి తీసుకుని వెళ్లాడు.

పది రోజులు గడిచాయి. నేను గేటు దాటేటప్పుడల్లా ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా నా పేరు రాసుకునేవాడు.

పదకొండో రోజు పొద్దున పదకొండు దాటింది. గాజు గొట్టంలో రంగు చూస్తున్నాను. ముక్కులో సూది గుచ్చినట్టయింది. ల్యాబులో ఆ వాసన కొత్త కాదు, కానీ ఇది ల్యాబుది కాదు. బయటికొచ్చేసరికి బుల్లెట్టు క్లోరిన్ గది నుంచి గోడ పట్టుకుని వస్తున్నాడు. కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు ధారకడుతున్నాయి.

"వాల్వు తిరగట్లేదక్కా... మొత్తం తెరిచేశా... తిరగట్లేదు!" అని కూలబడ్డాడు.

అతని వెనక గుమ్మం కింది నుంచి ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు పొగ నేలను పాకుతూ వస్తోంది. పైకి లేవడంలేదు. ఒలికిన నీళ్లలా పల్లం వెతుక్కుంటోంది. మా ప్లాంటు గుట్ట వాలుమీద ఉంది. పల్లాన గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డు పక్కన చిన్నపిల్లల బడి.

అందరూ చేసే పనే చేశాం. గేటు వైపు పరుగెత్తాం.

"కిందికి రావద్దు!"

ఆ గొంతు ఎవరిదో ఒక క్షణం అర్థం కాలేదు. బాబాయి గేటు దగ్గర నుంచి రెండు చేతులూ ఊపుతూ ఎదురొస్తున్నాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు.

"పైకి పొండి! ట్యాంకు మెట్లెక్కండి! అది బరువు గాలి, కిందికే దిగుతుంది! పంపక్కా, బడికి ఫోన్ చెయ్యి! పిల్లల్ని పై అంతస్తుకెక్కించి కిటికీలు మూయించు!"

పంపక్క ఫోన్ అందుకుంది. ఆవిడ గొంతుకు ఆ రోజు ఫోన్ అవసరమే లేదు. ఇద్దరు బుల్లెట్టును చెరో రెక్కా పట్టి మెట్లెక్కించారు. సూపరింటెండెంటు గారు చొక్కా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "పైపు తెండి! నీళ్లు కొట్టండి!" అంటున్నారు.

"నీళ్లొద్దు సార్! నీళ్లు తగిలితే ఇనుమును తినేస్తుంది, కంత ఇంకా పెద్దదవుతుంది," అన్నాడు బాబాయి. వంగి గుప్పెడు దుమ్ము తీసి పైకి విసిరాడు. దుమ్ము బడి వైపుకు పోయింది.

వీపుకు తగిలించుకునే గాలి మాస్కులు మాకు రెండున్నాయి. ఒకదాని ముల్లు సున్నా మీద ఉంది. రెండోది సగానికి. "ఇద్దరు లేకుండా లోపలికి వెళ్లకూడదని రూలుంది," అన్నారు సూపరింటెండెంటు గారు.

"రూలుంది సార్. మాస్కు లేదు."

బాబాయి నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస పట్టుకుని చుట్టూ చూశాడు. అందరూ మెట్ల మీద ఉన్నారు. నేను ఎందుకు దిగి నిలబడ్డానో నాకు తెలీదు.

"నువ్వు పట్టుకో అమ్మాయ్. నీ కళ్లు మంచివి. చూసింది వదిలిపెట్టవు."

ఎగతాళో నిజమో మొహంలో తెలియలేదు. తాడు అందుకున్నాను.

"గాలి నీ వీపుకు తగులుతుండాలి. మొహానికి కొట్టిందా, తాడు వదిలేసి మెట్ల మీదికి పరుగెత్తు. నేనొకసారి లాగితే బాగున్నట్టు. రెండుసార్లు లాగితే నువ్వూ సారూ కలిసి నన్ను లాగెయ్యండి."

"అసలు లాగకపోతే?"

"వంద లెక్కపెట్టి లాగెయ్యి. మెల్లగా లెక్కపెట్టు."

మాస్కు బిగించుకుని వెళ్లాడు. పరుగెత్తలేదు. గుమ్మం దగ్గర ఆగి, కాలితో నేల తడిమి చూసుకుని, పసుపు పొగలోకి అడుగుపెట్టాడు. మోకాళ్ల దాకా, నడుము దాకా, ఆపైన మనిషే కనబడలేదు. తాడు మాత్రం నా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. ఆగింది. ఒకసారి లాగాడు. లోపల ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. చిన్న చిన్న దెబ్బలు, ఆగి ఆగి. బిగుసుకున్న వాల్వును సుత్తితో తట్టి వదులు చేస్తున్నాడని తర్వాత తెలిసింది. గట్టిగా కొడితే కాడ విరిగిపోయేదట.

చప్పుడు ఆగిపోయింది. తాడు కదల్లేదు.

లెక్క మొదలుపెట్టాను. ఇరవై. ముప్పై. బడి పై అంతస్తు కిటికీల్లో అద్దాల వెనక చిన్న చిన్న మొహాలు. నలభై ఐదు. "లాగెయ్యమ్మా!" అన్నారు మెట్ల దగ్గర నుంచి సూపరింటెండెంటు గారు. లాగితే వాల్వు మీదున్న పట్టు జారిపోతుంది. లాగకపోతే మనిషే పోవచ్చు. అరవై. గాలి తిరిగింది. మొహాన ఘాటు కొట్టింది, కళ్లు మండి మూసుకుపోయాయి. వదిలేసి పరుగెత్తమన్నాడు. నా మీద నేను రాసుకోగల మంచి మాట ఈ కథలో ఇదొక్కటే. వదల్లేదు. దగ్గుతూనే డెబ్బై అన్నాను. డెబ్బై ఒకటి. ఎనభై దగ్గర గాలి మళ్లీ వీపుకొచ్చింది. తొంభై రెండు దగ్గర తాడు ఒక్కసారి, గట్టిగా లాగింది. గుమ్మం కింది నుంచి వచ్చే పొగ పలచబడుతోంది.

ఆయన బయటికి రావడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. వచ్చినవాడు వచ్చినట్టే మోకాళ్ల మీద పడ్డాడు. మాస్కులో గాలి మధ్యలోనే అయిపోయింది. ఆఖరి మూడు చుట్లు ఊపిరి బిగపట్టి తిప్పాడు. చివర్లో బిగపట్టలేకపోయాడు.

బడిలో పిల్లలెవరికీ ఏమీ కాలేదు. బుల్లెట్టు మూడో రోజుకి లేచి తిరిగాడు. బాబాయి ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు.

మొదటి రోజు సాయంత్రం ఆసుపత్రి వరండాలో పిన్ని, అంటే ఆయన భార్య, బెంచీ మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. ఫిర్యాదు రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ బెంచీ మీంచి లేచి, "ఇంటికెళ్లి ఆయన బట్టలు తేవాలి. తోడొస్తావా?" అంది.

వాళ్లది రెండు గదుల ఇల్లు. బట్టలు సర్దుతూ ఆవిడ మంచం కిందినుంచి ఒక రేకు డబ్బా లాగింది. మూత తీస్తే నిండా నలిగిన సీసపు వాషర్లు. పక్కనే సీసపు రేకు, గుండ్రంగా కత్తిరించే అచ్చు, సుత్తి.

"చెత్తలో వేస్తే ఎవరో ఒకరు ఏరుకొచ్చి మళ్లీ బిగిస్తారట. అందుకని పాతవన్నీ ఇంటికి మోసుకొస్తాడు. సెలవు రోజున కూర్చుని ఆ రేకులోంచి కొత్తవి కొట్టి, సిలిండరు మార్చే రోజున ఒకటి పట్టుకెళ్లి బిగిస్తాడు. వద్దంటే వినడు."

"సీసాలో ఏముంటుంది పిన్నీ?"

"అమ్మోనియానట. దూదికి తడిపి గొట్టం దగ్గర పెడితే, గ్యాసు కారుతుంటే తెల్లగా పొగొస్తుందట. మీ ప్లాంటులో ఉన్న సీసా ఎప్పుడో ఎండిపోయిందని సొంతంగా తెచ్చుకున్నాడు." ఆవిడ చొక్కా మడత పెడుతూ ఆగింది. "మా అన్నా, ఈయనా ఒకే ప్లాంటులో పనిచేసేవాళ్లు, ఇది కాదు, ఇంకో చోట. అప్పుడు ఈయన మహా దూకుడు. తొందరపడి పాత వాషరు బిగించాడు. అన్న పదకొండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. ఈయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది."

ల్యాబులో పనిచేసే నాకు అమ్మోనియా సంగతి తెలియక కాదు. అడిగి వాసన చూసుంటే ఒక్క క్షణంలో తేలిపోయేది. అడగాల్సినంత అనుమానం నాకు రాలేదు. నా దగ్గర జవాబు ముందే అచ్చయి ఉంది.

ఆరో రోజున ఆయన్ని చూడనిచ్చారు. గొంతు గీరుకుపోయింది.

"తప్పు చేశాను బాబాయ్. కానీ చూసిందే చెప్పాననుకున్నా."

"చూసింది వాషర్లు. చెప్పింది దొంగ," అన్నాడు. దగ్గి, ఊపిరి కుదుర్చుకుని మళ్లీ అన్నాడు. "నాదీ ఉందిలే. పాత ప్లాంటులో ఇలాంటివి మూడుసార్లు రాసిచ్చా. పిరికివాడన్నారు, బదిలీ చేశారు. ఇక్కడ నోరు మూసుకుని నా పని నేను చేసుకుందామనుకున్నా. నేను లేకపోతే కొత్త వాషరు ఎవరు పెడతారు? బుల్లెట్టుకి చెప్పానా? డబ్బా తెరిస్తే వాడికేమీ దొరకలేదు. అప్పుడే విప్పినదాన్నే బిగించాడు. వాడి కళ్లు పోయుంటే?"

నేను ఏడుస్తుంటే వద్దనలేదు. "వెళ్లిరా, నీళ్ల రంగు చూసే టైమైంది," అన్నాడు.

ఆ వారపత్రిక కొనడం మానేశాను. తోటమాలే దోషి అని తేలిందని తర్వాత పంపక్క చెప్పింది. కథ విషయంలో నేను కరెక్టే.

రెండు నెలలకి బాబాయి పనిలోకొచ్చాడు. అప్పటికి కొత్త వాషర్లు పెట్టెడు వచ్చాయి, నిండు మాస్కులు నాలుగు వచ్చాయి. సూపరింటెండెంటు గారు అందర్నీ పిలిచి, దండ వేసి, ప్రశంసాపత్రం ఇవ్వబోయారు. బాబాయి పుచ్చుకోలేదు.

"నా మీద ఒక కాగితముంది సార్. ముందు దాని సంగతి చూడండి."

"అది కొట్టేశామయ్యా. ఆరోపణ రుజువు కాలేదని రాశాను."

"రుజువు కాలేదు అంటే, చేసుండొచ్చు, దొరకలేదు అని కూడా అర్థం వస్తుంది సార్."

నేను ముందుకొచ్చి, ఆ బల్ల మీదే కాగితం తీసుకుని రాశాను. రెండుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది. పైకి చదవమన్నాడు బాబాయి. ఏడాదంతా ఆ గొంతుతోనే సీరియల్ చదివి వినిపించినదాన్ని, నాలుగు వాక్యాలకు నోరు ఎండిపోయింది.

"ఫలానా తేదీన నేనిచ్చిన ఫిర్యాదు అబద్ధం. నేను ఆయన వాషర్లు తీయడం మాత్రమే చూశాను. దొంగతనం చూడలేదు. ఆయన్ని అడగకుండా అపార్థం చేసుకున్నందుకు..."

"అపార్థం తీసెయ్యి. అపార్థం ఇద్దరి మధ్య ఉంటుంది. మనం అసలు మాట్లాడుకోనే లేదు కదా."

"ఏం రాయమంటావు బాబాయ్?"

"ఊహించుకున్నందుకు అని రాయి."

రాసి సంతకం పెట్టాను. సూపరింటెండెంటు గారు కింద సంతకం చేసి ముద్ర వేశారు. బాబాయి దాన్ని అక్షరం అక్షరం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ప్రశంసాపత్రం బల్ల మీదే ఉంది, దాని వైపు చూడలేదు. మెడలో దండ తీసి పంపక్క చేతికిచ్చి, కొత్త వాషర్ల పెట్టెలోంచి ఒకటి ఏరి నాకిచ్చాడు.

"మూడో సిలిండరు ఇవాళ మార్చాలి. మాస్కు ఎలా కట్టుకోవాలో చూపిస్తాను, రా."

క్లోరిన్ గదికి వెళ్లే దారిలో ఆయన రెండుసార్లు ఆయాసంతో ఆగాడు. నేనూ ఆగాను. లోపలికెళ్లాక ఆయన తలుపు వేయలేదు. బార్లా తెరిచి, మూసుకుపోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టి, బుల్లెట్టును కూడా కేకేశాడు.